చెరువొడ్డున నిలిచే అరుగు

పోయిన సంక్రాంతి వెళ్లిన వారానికి మా మేనల్లుడు చంకలో కాగితపు చుట్ట పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఊరికి దూరంగా, ఒక చెరువుకు ఎదురుగా స్థలం కొన్నాడట. కట్టబోయే ఇల్లు పెద్దది. డబ్బుకు లోటు లేదు.

"మామయ్యా! ఇంటి లోపలి సంగతి ఆర్కిటెక్టు చూచుకుంటున్నాడు. వెలుపల నీటివైపు మేమంతా కూర్చునే చోటు ఉన్నదే, ఆ భాగం మీరు చూచి చెప్పండి. ముప్ఫై నలభై ఏండ్లు చెక్కు చెదరకుండా ఉండాలి" అన్నాడు.

కాగితం పరచి చూచాను. నీటి అంచుదాకా అద్దంలా మెరిసే నల్లరాయి. పైన గాజు కప్పు. దానిని మోసే సన్నని ఇనుప కంభాలు. నీటిమీదికి చొచ్చుకొని వచ్చిన చెక్క తిన్నె. బొమ్మలో చాల అందంగా ఉన్నది.

"దీనిని ఏమంటారురా?" అన్నాను.

"అవుట్‌డోర్ లివింగ్ అంటారు మామయ్యా!"

నాకు నవ్వు వచ్చినది. దీనినే మనం అరుగు అన్నాము. కన్నడంవారు జగలి అన్నారు. తమిళులు తిణ్ణై అన్నారు. ఒరియావారు పిండా అన్నారు. మరాఠీవారు ఓసరి అన్నారు. మన కుటుంబాలు ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఆ చోటుకు అక్కడి పేరు నేర్చుకొన్నవే గాని, ఆ చోటు లేకుండా ఇల్లు కట్టుకొన్నవారు మన పెద్దలలో తక్కువ. ధాన్యం ఆరబోసినది అక్కడ, పెండ్లి సంబంధాలు మాట్లాడుకొన్నది అక్కడ, వేసవి రాత్రులు పడుకొన్నదీ అక్కడనే.

అయితే నవ్విన నోటితోనే నా తప్పు కూడ చెప్పుకోవాలి. గృహనిర్మాణ పనులలో ముప్ఫై ఏండ్లు గడిపినవాడిని. ఈ మేనల్లుడి తల్లి, అంటే మా అక్కయ్యకు, ఒక చిన్న కొలను పక్కన ఇల్లు కట్టించినది నేనే. ఆమె కూర్చుని కాఫీ తాగే వరండాకు మంచి నునుపు పట్టిన నల్లరాయి ఏరి తెచ్చి పరిపించాను. వాటం సరిగా ఇవ్వలేదు. రాయి అందం చెడుతుందనుకొన్నాను. చూరు కూడ రెండడుగులకంటె ముందుకు రానీయలేదు. నీరు బాగా కనపడాలనుకొన్నాను. మొదటి వానకారులోనే ఒకనాటి ఉదయం జల్లు కొట్టి నేల తడిసినది. అక్కయ్య గ్లాసు చేతబట్టుకొని వచ్చి జారిపడినది. తుంటి ఎముక విరిగినది. ఆపరేషను అయినది, కర్రసాయంతో నడిచినది. కాని ఆ తరువాత పదకొండు ఏండ్లు బ్రతికినా ఒక్కనాడు కూడ ఆ వరండాలోకి రాలేదు. వంటింటి గడప దగ్గర ముక్కాలి పీట వేసుకొని కూర్చునేది.

ఆ రాయి నేటికీ మెరుస్తూనే ఉన్నది, ఒక్క బీట లేదు. రాయి నిలిచినది గాని, చోటు పోయినది. చెరువొడ్డున నిలిచేటట్లు కట్టడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసినది. కట్టినది నిలిస్తే చాలదు. అక్కడ కూర్చునేవారు ముసలితనంలో కూడ భయం లేకుండా వచ్చి కూర్చోవాలి.

మేనల్లుడికి ఈ సంగతి గుర్తు చేయనక్కరలేదు. "అందుకనే మామయ్యా మీ దగ్గరకు వచ్చినది" అన్నాడు తల వంచుకొని.

లంకలో ఒక ఇల్లు

అక్కయ్య పడిన తరువాత, నీటి ఒడ్డున ఇండ్లు ఎవరెవరు ఎట్లా కట్టారో శ్రద్ధగా తెలుసుకోవడం మొదలుపెట్టాను. నాకు ఎక్కువగా నేర్పినది శ్రీలంకలోని ఒక ఇల్లు. కొలంబోకు దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో బెంతోట అనే ఊరున్నది. దాని దగ్గర దెద్దువ సరస్సు ఒడ్డున ఆ ఇల్లు, తోట ఉన్నవి. పేరు లునుగంగ. సింహళ భాషలో ఆ మాటకు ఉప్పునది అని అర్థం.

దానిని తీర్చినవాడు జెఫ్రీ బావా. పేరు వింటే మన ఆడపడుచులు నవ్వుకుంటారు గాని, ఆసియాలోని గొప్ప ఆర్కిటెక్టులలో ఆయన ఒకడు. 1919లో పుట్టాడు, లండనులో న్యాయశాస్త్రం చదివి బారిస్టరైనాడు. ఇటలీలో గార్డా సరస్సు దగ్గర ఇల్లు కొనుక్కోవాలని ఆశపడ్డాడు, అది కుదరలేదు. స్వదేశానికి వచ్చి 1948లో పాడుపడిన ఈ రబ్బరు తోట కొన్నాడు. డచ్చివారి కాలంలో అది దాల్చినచెక్క తోటగా ఉండేదట. తోటను తన మనస్సులో ఉన్నట్లు తీర్చడానికి తనకు విద్య చాలదని తెలుసుకొని, మళ్లీ లండను వెళ్లి చదివి, 1957లో 38వ ఏట ఆర్కిటెక్టు అయినాడు. ఇల్లు కట్టుకొన్న తరువాత ఇల్లు కట్టే విద్య నేర్చుకొన్నవాడన్న మాట! 2003లో మరణించాడు. 1998లో పక్షవాతం వచ్చేవరకు, అంటే 50 ఏండ్లపాటు, ఆ తోటను దిద్దుతూనే ఉన్నాడు. ఇప్పుడు దానిని ఒక ట్రస్టు చూస్తున్నది; వెళ్లినవారు చూడవచ్చు.

ఆ తోటలో ఖరీదైన వస్తువు ఏది అని వెదికితే కంటికి కనపడదు. ఇల్లు పాత బంగళా. పెంకుల కప్పు, సున్నపు గోడలు, సాదా నేలలు. ఉత్తరపు తిన్నెమీద దేవగన్నేరు చెట్లున్నవి. వాటి కొమ్మలకు బరువులు వ్రేలాడగట్టి, అవి వంగి గొడుగులాగా వ్యాపించేటట్లు ఏండ్ల తరబడి పెంచాడు. దక్షిణాన దాల్చిని గుట్ట. దానిపై అడ్డమున్న చెట్లు తీసివేసి, అవతలి సరస్సు, దూరాన తెల్లని బౌద్ధస్తూపం కనపడేటట్లు చేశాడు. గుట్టమీద ఒక చెట్టు క్రింద పెద్ద జాడీ ఒకటి పెట్టాడు. చూపు అక్కడ ఒక్క క్షణం ఆగి ముందుకు పోతుంది. ఇంటికీ గుట్టకూ నడుమ ఊరివారు నడిచే బాట ఉన్నది. దానిని మూయించలేదు, గోడ కట్టలేదు. బాట పల్లంలో ఉండి ఇంటినుంచి కనపడకుండా నేలను సవరించాడు.

నన్ను ఆకట్టుకొన్నది మరొకటి. ఆ తోటలో కూర్చునే చోట్లు ఒకటి కాదు, చాల ఉన్నవి. ఉదయపు ఫలహారానికి ఒక చోటు, మధ్యాహ్నం ఎండ వేళకు ఒక చోటు, సాయంకాలానికి ఒక చోటు. ఒక్కొక్క చోట ఒక గంట. ఒక్కొక్క గంటకు వేరు స్వరం. గంట మ్రోగితే దొరగారు ఎక్కడున్నారో పనివారికి తెలిసేది. మనకు గంటలు అక్కరలేదు, పనివారూ అంతమంది లేరు. కాని నీడ రోజంతా ఒక్కచోట ఉండదనే సంగతి ధనికుడికీ పేదకూ ఒక్కటే.

నీటికి దారి

పల్లపు భాగంలో బావా చేసినదేమిటంటే, దానిని మట్టితో నింపలేదు. అక్కడ వరిమళ్లు, నీటి మడుగులు ఉండనిచ్చాడు. వాన ఎక్కువైనప్పుడు నీరు వచ్చి నిలిచేది అక్కడ, ఇల్లు ఉండేది గుట్టమీద. 1991 – 94 సంవత్సరాల నడుమ దంబుల్ల దగ్గర కందలమ చెరువుకు ఎదురుగా ఆయన ఒక పెద్ద హోటలు కట్టినప్పుడు కూడ ఇదే పాటించాడు. కట్టడాన్ని కంభాలమీద నిలిపి, కొండమీద పడిన వాన దాని క్రిందుగా చెరువులోకి పోయేటట్లు చేశాడు.

ఇది మా మేనల్లుడికి మొదట చెప్పవలసి వచ్చినది. ఎందుకంటే అతని కాగితంలో ఇంటి ఎడమవైపు పల్లమంతా నింపి పచ్చిక వేసినట్లున్నది. "ఆ పల్లం ఏమిటిరా?" అని అడిగితే, "పాత వాగు మామయ్యా, ఇప్పుడు నీరు రాదు" అన్నాడు. ఈ మాటను నేను నమ్మను. 2022 సెప్టెంబరులో బెంగుళూరు తూర్పు భాగంలో ఏమైనదో మనమంతా చూచాము. కోట్లు పెట్టి కొనుక్కొన్న విల్లాలలోకి నీరు వచ్చినది, కార్లు మునిగినవి, జనాన్ని ట్రాక్టర్లమీద, పడవలమీద తరలించారు. ఒక చెరువునుంచి మరొక చెరువుకు నీరు పోయే కాలువలను మనుషులు మరచిపోయారు గాని, నీరు మరచిపోలేదు.

చెరువునుంచి ఎంత దూరం వదలి కట్టాలనే చట్టం ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క రకం. మారుతూ కూడ ఉంటుంది. బెంగుళూరు చెరువుల చుట్టూ 75 మీటర్లు వదలాలని జాతీయ హరిత ట్రిబ్యునలు 2016లో అన్నది. 2019లో సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞను కొట్టివేసినది. కాబట్టి స్థలం అమ్మినవాడి మాట వినక, రెవిన్యూ నక్షా తీసుకొని కచేరీలో అడగండి. చట్టం ఎంత దూరం చెప్పినా, నిండుచెరువునాడు నీటి మట్టం ఎంతవరకు వస్తుందో ఆ ఊరి ముసలివారిని అడిగి, అక్కడ ఒక రాయి పాతండి. ఆ రాయికి ఇవతల, దానికంటె ఎత్తున కట్టుకొన్నదే మనది, అవతలిది చెరువుది. నీటిలోకి చొచ్చుకొని వచ్చే తిన్నె ఆలోచన మేనల్లుడు అప్పుడే విడిచిపెట్టాడు.

కప్పు, నేల, కంభం

వెలుపలి చోటుకు ముఖ్యమైనది కప్పు. గాజు కప్పు మన ఎండకు పనికిరాదు. క్రింద కూర్చున్నవారు ఉడికిపోతారు. బావా, ఆయన తోటి ఆర్కిటెక్టు ఉల్రిక్ ప్లెస్నర్ కలిసి ఒక మంచి ఉపాయం చేశారు. ముడతల సిమెంటు రేకు పరచి, దానిపైన అర్ధచంద్రాకారపు మట్టి పెంకు పేర్చారు. రేకు నీటిని ఆపుతుంది, పెంకు ఎండను ఆపుతుంది. ఆ కాలపు రేకులో ఆస్బెస్టాసు ఉండేది. అది ఊపిరితిత్తులకు చేటని ఇప్పుడు తెలుసును. ఆస్బెస్టాసు లేని సిమెంటు రేకులు నేడు దొరుకుతున్నవి, అవే అడగండి.

చూరు కనీసం మూడున్నర, నాలుగడుగులు ముందుకు రావాలి. జల్లు ఏ దిక్కునుంచి కొడుతుందో చూచుకోండి. కర్ణాటకంలో ఉన్నవారికి ముఖ్యమైన వానలు నైరుతి గాలితో వస్తవి. చెన్నైవైపువారికి, యానాంవైపువారికి అక్టోబరు, నవంబరులలో ఈశాన్యపు జల్లు కొడుతుంది. ఆ దిక్కున చూరు ఇంకొక అడుగు దించాలి. చెరువు ఇంటికి పడమటనుంటే సాయంకాలం ఎండ నీటిమీద పడి కండ్లలోకి కొడుతుంది. అక్కడ వెదురు తడిక గాని, ఒక చెట్టు గాని కావాలి. చెరువు తూర్పుననుంటే అదృష్టం. మధ్యాహ్నం దాటితే ఇంటి నీడే అరుగుమీద పడుతుంది.

నేల సంగతి చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గినది. తడిసే చోట నునుపు రాయి వేయకండి. గ్రానైటే కావాలంటే ఉలితో చెక్కినది గాని, మంటతో గరుకు చేసినది గాని తీసుకోండి. కడప నల్లబండ ఎండకు కాగి కాళ్లు కాలుస్తుంది, నీడలోనే వాడండి. గజానికి అర అంగుళం చొప్పున వాటం బయటివైపుకు ఇవ్వండి. చూరు నీరు పడే చోట బండ వేయక, గులకరాళ్లు నింపిన చిన్న కాలువ తీయండి. నీరు చిమ్మదు, పాచి పట్టదు. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, వెడల్పు పన్నెండు. రెండు మెట్లున్నా సరే, పక్కన పట్టుకోవడానికి కమ్మి ఉండాలి. పిట్టగోడ పద్దెనిమిది అంగుళాల ఎత్తున, ఒక అడుగు వెడల్పున కడితే అదే కూర్చునే బల్ల. పెద్దవారు మోకాలినొప్పి లేకుండా లేవగలరు.

ఇక కంభాలు. ఉప్పునీటి దగ్గర, అంటే చిలక ఒడ్డునో యానాం దగ్గరనో కట్టుకునేవారికి ఇనుము పెద్ద శత్రువు. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బితే పైనున్న కాంక్రీటును లోపలినుంచి పగులగొడుతుంది. మన దేశపు కాంక్రీటు ప్రమాణ గ్రంథం, 2000 సంవత్సరపు కూర్పు, తీరగాలి తగిలే చోట, తడిసి ఆరుతూ ఉండే చోట కమ్మిపైన 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలంటున్నది. మేస్త్రీలు అలవాటుగా ఇచ్చే 20, 25 అక్కడ చాలదు. కాంక్రీటు పోసే రోజున దగ్గర నిలబడి చూచుకోండి. పోసిన తరువాత ఎవరికీ కనపడదు. మరలు, బందులు తుప్పుపట్టని ఉక్కువి కావాలంటే, ఉప్పు గాలికి 304 రకంకంటె 316 రకం మేలు.

కొయ్య కంభమైతే టేకు మంచిది. దాని పాదం నేలను తాకకూడదు. నాలుగంగుళాల రాతి పీఠంమీద నిలపాలి. కొయ్య చెడేది పాదం దగ్గర నిలిచిన తడివల్ల. మన పాత మండువా ఇండ్లలో కంభం క్రింద రాయి ఎందుకున్నదో ఇప్పటి పిల్లలు అలంకారమనుకుంటారు. 1970 తరువాత మదురైలో ఒక క్లబ్బు భవనం కట్టినప్పుడు బావా కూడ పాత ఇండ్ల కంభాలు సేకరించి వాడుకొన్నాడు. వంద ఏండ్లు వానలో నిలిచిన కంభానికి వేరే పరీక్ష అక్కరలేదు గదా! మన ఊళ్లలో పాత ఇండ్లు పడగొట్టేటప్పుడు ఇటువంటివి ఇంకా దొరుకుతున్నవి.

మనవారు కట్టిన చెరువు

లంక ప్రస్తావన వచ్చినది కాబట్టి ఇంకొక మాట. కాండీ పట్టణం నడుమనున్న అందమైన చెరువును 1807లో కట్టించినది శ్రీ విక్రమ రాజసింహుడు. మదురైవైపునుంచి వెళ్లిన తెలుగు మాట్లాడే నాయక్కరు వంశపు కడపటి రాజు ఆయన. వరిపొలాలకు అడ్డంగా కట్ట వేసి నీరు నిలిపించాడు. దాని ఒడ్డున మేఘాల అలలవంటి అంచుతో ఒక పిట్టగోడ ఉన్నది. అందులో దీపాలు పెట్టడానికి చిన్న గూళ్లున్నవి. 1815లో ఇంగ్లీషువారు రాజును పట్టుకొనేనాటికి ఆ గోడ పూర్తి కాలేదు. ఆయనను వేలూరుకు తెచ్చి ఉంచారు; 1832లో అక్కడే చనిపోయాడు, సమాధి కూడ అక్కడే ఉన్నది. రెండు వందల ఏండ్ల తరువాత నేడు ఊరి జనమంతా సాయంకాలం ఆ చెరువు చుట్టూ నడుస్తున్నారు. ఒడ్డు అందరిదిగా ఉన్నది కాబట్టి చెరువు కూడ నిలిచినది. నీటి అంచును కంచె వేసి తనదనుకొన్నవాడికి, దాని మురుగు కూడ తనదే అవుతుందని నా అనుభవం.

ఖర్చు ఎక్కడ?

రెండు వారాల తరువాత మేనల్లుడు కొత్త కాగితం తెచ్చాడు. పల్లం పల్లంగానే ఉన్నది, అందులో నీటిమొక్కలు. గాజు కప్పు పోయి పెంకు వచ్చినది. తూర్పున ఒక అరుగు, ఉత్తరాన చెట్టు క్రింద ఒక బల్ల. దోమలకోసం అరుగులో ఒక భాగానికి తెర. "మామయ్యా, పైకి చూస్తే ఏమీ లేనట్లున్నది, ఖర్చు మాత్రం పెద్దగా తగ్గలేదు" అన్నాడు.

తగ్గదు. పునాదిలో, కాలువలో, చూరులో, కమ్మిపై కాంక్రీటులో పెట్టిన డబ్బు కంటికి కనపడదు. నా అక్కయ్య ఇంటిలో నేను కంటికి కనపడే చోట పెట్టాను.

చివరకు ఒక్క మాట చెప్పాను. చదువరులకు కూడ అదే చెబుతున్నాను. పని ముగిసి మేస్త్రీకి కడపటి బాకీ ఇచ్చేముందు, ఒక బిందెడు నీళ్లు తెచ్చి అరుగుమీద కుమ్మరించండి. నీరు ఎటు పోతున్నదో చూడండి. ఎక్కడైనా నిలిస్తే ఆ బండ తీయించి మళ్లీ వేయించండి. తరువాత ఆ తడిమీద మీరు వట్టి కాళ్లతో నడవండి, తిరగండి, కూర్చుని లేవండి. మీకు కాలు జారకపోతే, అప్పుడు ఇంటి పెద్దవారి చేయి పట్టుకొని తీసుకువచ్చి కూర్చోబెట్టండి.

"అరుగు పూర్తయిననాడు మీరు రావాలి మామయ్యా. బిందె మీరే కుమ్మరించాలి" అన్నాడు.

వస్తానన్నాను. నాకూ ఈ సంవత్సరం డెబ్బై ఆరు. చేయి పట్టుకోవడానికి అతనిని పక్కన ఉండమన్నాను.